దాటిపోయిన మైలురాయి

విసుగు పుట్టించే పాఠం వింటున్నప్పుడు మనస్సును మేలుకొలిపి ఉంచుకోవడం ఎట్లా? ఈ విషయమై నాలుగు మాటలు చెప్పే యోగ్యత నాకు గ్రంథాల వల్ల అబ్బలేదు. ఒకానొక మధ్యాహ్నం నేను పడిన సిగ్గు వల్ల అబ్బింది.

ఖరగ్‌పూరు వంగదేశంలో ఉన్నా తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి మన ఉత్తర కోస్తా జనం అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి వెళ్ళి, క్వార్టర్లలో కాపురాలు పెట్టి, తరతరాలుగా స్థిరపడ్డారు. అదే రైలు మార్గం నేటికీ మనవాళ్ళను అక్కడికి చేరుస్తూనే ఉన్నది. అయితే ఇప్పుడు వెళ్ళేవారిలో కొందరు చేరేది ఊరి పొలిమేరలోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌కు. కొన్నేళ్ళ క్రిందట అక్కడి ఒక కర్మాగారంలో కొత్తగా కుదిరిన పన్నెండుమంది సిక్కోలు యువకులకు భద్రతా పాఠాలు ఏర్పాటు చేశారు. చెప్పేవారికి వచ్చినది హిందీ. వినేవారికి వచ్చినది తెలుగు. నడుమ దుబాసీగా నన్ను పిలిచారు. హిందీలో ఎం.ఏ. చదివి, ఏళ్ళ తరబడి నవలలు అనువదించినవాణ్ణి. ఇదొక లెక్కా అనుకున్నాను.

భోజనాలైన తరువాత తరగతి మొదలైంది. ఉపదేశకుడు సజ్జనుడు, పని తెలిసినవాడు; కాని ఆయన కంఠంలో ఎత్తుపల్లాలు లేవు. యంత్రాన్ని మరమ్మతు చేసేవాడు పాటించవలసిన నియమాలు ఏడు అని మొదలుపెట్టి, ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. మూడవ నియమం దాకా నా బుద్ధి పనిచేసింది. తరువాత నోరు మాత్రమే పనిచేసింది. అనువాదకుడికి ఇదొక పెద్ద ప్రమాదం. అలవాటైన నాలుక బుద్ధి సాయం లేకుండానే కొంతదూరం నడిచిపోగలదు. ఒక్క క్షణం రెప్ప బరువెక్కినట్లు లీలగా గుర్తు. పాఠం ముగిసింది. నేనూ తృప్తిగా మంచినీళ్ళు తాగాను.

అప్పుడు వెనుక వరుసలోని కుర్రవాడు ముడిచిన వేళ్ళతోనే చెయ్యెత్తాడు.

“బాబూ, ఏడని సెప్పినారు. ఆరే వొచ్చినాయి. నాలుగోదాని తరవాత ఒకటి తప్పిపోనాది.”

ఉపదేశకుణ్ణి మళ్ళీ అడగక తప్పింది కాదు. ఆయన అయిదవ నియమం తిరిగి చెప్పాడు: యంత్రంలో చెయ్యి పెట్టబోయే ముందు కరెంటు ఆపి, స్విచ్చికి ఎవరి తాళం వారే వేసుకోవాలి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి, పక్కవాడు వేశాడుగదా అని ఊరుకోరాదు. అది వింటూ ఉంటే నాకు చెమట పట్టింది. లోపల మనిషి ఉన్నాడని తెలియక ఎవడో స్విచ్చి వేస్తే పోయేది చెయ్యి, కాకుంటే ప్రాణం. ఏడింటిలో నేను మింగివేసినది సరిగ్గా ఆ నియమాన్నే.

బయటికి వచ్చాక ఆ కుర్రవాణ్ణి అడిగాను, అంత మెలకువగా ఎట్లా ఉండగలిగావని. వాడు నవ్వాడు. “నాకూ నిద్దరొచ్చింది బాబూ. ఏడన్నారు గదా అని ఏళ్ళు ముడుసుకుంటా కూకున్నాను.”

తిరిగి వచ్చేటప్పుడు ఆ పార్కు పేరు నన్ను కుదిపింది. నేటి పశ్చిమ మేదినీపురం జిల్లాలోని వీరసింహ గ్రామంలో 1820లో జన్మించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు తన స్వీయచరిత్రలో ఒక ముచ్చట చెప్పుకున్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడై తండ్రితో కలకత్తాకు నడిచి వెళుతూ, దారి పక్కన సన్నికల్లువంటి రాళ్ళు చూసి అవేమిటని అడిగాడట. మైలురాళ్ళని తండ్రి చెప్పాడు. పంతొమ్మిదినుండి ఒక్కొక్కటే తగ్గివచ్చే ఆ రాళ్ళమీదనే పిల్లవాడు ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నాడు. వీడు అంకె చదువుతున్నాడా, వరస అప్పజెబుతున్నాడా అని సందేహించి తండ్రి ఆరవ రాయిని వాడి కంట పడకుండా దాటించి, అయిదవ రాయి వద్ద ఆగి అడిగాడు. పిల్లవాడు తడుముకోలేదు: ఇక్కడ ఆరు ఉండాలి, పొరపాటున అయిదు చెక్కారు అన్నాడు.

దూర ప్రయాణంలో మైలురాళ్ళను మించిన విసుగు ఏమున్నది? అయినా వాడు మేలుకొని ఉన్నాడు. ఎందుకంటే రాబోయే రాయిమీద ఏ అంకె ఉండాలో వాడి మనస్సు ముందే అనుకొని ఉన్నది. సిక్కోలు కుర్రవాడు చేసినదీ అదే.

కళ్ళు విప్పార్చి కూర్చున్నంత మాత్రాన చిత్తం నిలవదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడారు తెరలను కాపలా కాసేవారు గుర్తులను ఎందుకు జారవిడుస్తున్నారో తెలుసుకొనడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు వారివంటి యువకులను గడియారంవంటి ఒక ఫలకం ఎదుట రెండు గంటలపాటు కూర్చోబెట్టాడు. ముల్లు ఎప్పుడో ఒకసారి రెండడుగులు గెంతుతుంది, దాన్ని పట్టుకోవాలి. మొదటి అరగంట గడిచేసరికే వారి పట్టు సడలిందని 1948లో ప్రకటించాడు. అది సోమరితనం కాదు, మనస్సు స్వభావం.

ఈ స్వభావాన్ని రైల్వేవారు ఏనాడో గ్రహించారు. మా మేనమామ ఇంజను డ్రైవరు. సిగ్నలు కనబడగానే డ్రైవరూ, సహాయకుడూ దాని రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకోవాలని నియమం. ఇద్దరికీ కళ్ళున్నాయి గదా, ఎందుకని చిన్నప్పుడు అడిగాను. “కన్ను చూసినదాన్ని మనస్సు చూడకపోవచ్చురా, నోటితో చెప్పినప్పుడు రెండూ కలుస్తాయి,” అన్నాడు.

కనుక పాఠం వినే విద్యార్థికి నేను చెప్పగలిగినది స్వల్పం. చెప్పబోయే విషయాలెన్నో మొదటే తెలుసుకో. తరువాతది ఏమై ఉంటుందో ఊహించు; ఊహ తప్పితే మరీ మంచిది, తప్పిన ఊహే నిద్ర వదలగొడుతుంది. విన్నదాన్ని నీ మాటల్లో ఒక్క వాక్యంగా రాసుకో. గురువులకు కూడా ఒక విన్నపం: దారిలో రాళ్ళు పాతండి, పిల్లలు లెక్కపెట్టుకుంటారు.

ప్రతి పాఠంలోనూ ప్రాణం కాపాడే వాక్యం ఉండదు, నిజమే. అది ఏ పాఠంలో, ఎన్నవ వాక్యమో మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు దుబాసీగా కూర్చున్నప్పుడల్లా బల్ల కింద నా వేళ్ళు ముడుచుకుంటూ ఉంటాయి. చూసినవారు జపం అనుకుంటారు కాబోలు. అననీ.