పుణెలో ఇల్లు చూస్తుంటే నాయినమ్మ అడిగిన ప్రశ్న

మా ఇంటి ముచ్చట్లలో ఇది పాతది కాదు, ఈమధ్యదే. షోలాపూర్ తూర్పు భాగం నుంచి పుణెకు ఇల్లు మార్చిన ముచ్చట. మనవాళ్లు చాలామంది ఇప్పుడు ఇదే పనిలో ఉన్నారు. పిల్లలకు పుణెలో ఉద్యోగం, పెద్దవాళ్లు షోలాపూర్‌లోనో భివండిలోనో. శని ఆదివారాలు హుతాత్మ ఎక్స్‌ప్రెస్‌లో రాకపోకలు. ఎన్నాళ్లు ఇట్లా అని ఒకరోజు ఫ్లాటు కొందామని కూర్చుంటారు. రేటెంత, లోనెంత వస్తుంది, ఆఫీసు ఎంత దూరం, ఇవే మాటలు. మేమూ అవే మాట్లాడాం. సొసైటీ రూల్సు కూడా గోడలు చూసినట్టు, నీళ్లు చూసినట్టు చూడాలని మాకు తట్టించింది మా నాయినమ్మ. అప్పటికి ఆమెకు ఎనభై రెండేళ్లు, అక్షరం ముక్క రాదు.

"గా బిల్డింగుల నేను సచ్చిపోతే నాకు నీళ్లు యాడ పోస్తరు?" అని అడిగింది.

అందరం నవ్వాం. "నువ్వు నూరేండ్లుంటవు తీ" అన్నాడు బాపు. ఆమె నవ్వలేదు. మనలో మనిషి పోతే చివరి స్నానం ఇంటి ముందర, ఆకాశం కింద చేయిస్తారు. నాలుగో అంతస్తులో ఇంటి ముందర అంటే ఏది? లిఫ్టు ముందా?

షోలాపూర్‌లో మా ఇంటికి కింద మగ్గాలు, పైన మేము. చద్దర్లు నేసే పవర్‌లూములు రాత్రి కూడా టకటకమంటూనే ఉండేవి. చిన్నప్పుడు మేము ఆ చప్పుడుకు పడుకునేవాళ్లం, కరెంటు పోయి మగ్గం ఆగితే లేచేవాళ్లం. పక్కింట్లో మగ్గాలు, ఎదురింట్లో మగ్గాలు. నాయినమ్మ, ఆమె తోటివాళ్లు అరుగుమీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. ఆ గల్లీకి రూల్సు లేవనుకోవద్దు. నార్లీ పున్నమ నాడు మార్కండేయుని రథం వచ్చేటప్పుడు రంగునీళ్లు మోరీలోకి వదలకూడదు. పెండ్లి పందిరి వేస్తే బండ్లు వెనక గల్లీ నుంచి తిప్పుకోవాలి. ఎవరింట్లోనైనా మనిషి పోతే శవం లేచేదాకా మగ్గాలన్నీ బందు. వీటిని ఎవరూ రాసి పెట్టలేదు, బోర్డు మీద అంటించలేదు. తప్పినవాడికి మాత్రం మరునాడు చాయ్ హోటల్లో మొహం చెల్లేది కాదు.

మగ్గాలు అమ్మేశాక కిందిల్లు బోసిపోయింది. అప్పుడే ఫ్లాటు మాట మొదలైంది.

మొదట చూసింది ఉండ్రి వైపు ఒక పెద్ద కాంప్లెక్సు. క్లబ్ హౌసు, ఈతకొలను, గేటు దగ్గర సెల్యూటు కొట్టే సెక్యూరిటీ. మా వదినకు బాగా నచ్చింది, నిజం చెప్పాలంటే మాకందరికీ నచ్చింది. రూల్సు పుస్తకం అడిగితే నలభై పేజీలది ఇచ్చారు. రాత్రి భోజనాలయ్యాక చుట్టూ కూర్చుని చదివాం. బాల్కనీలో బట్టలు కనబడేటట్టు ఆరేయరాదు. ముగ్గు గడప దాటి వేయరాదు. పనిమనిషి వేరే లిఫ్టులో రావాలి. రాత్రి ఉండే చుట్టాల పేర్లు ముందే ఇవ్వాలి. ఈ చివరిది చదివి బాపు పుస్తకం మూసేశాడు. మా ఇంటికి షోలాపూర్ నుంచి చుట్టాలు వస్తే ఎంతమంది వచ్చారో దిగిన తర్వాతగానీ మాకే తెలియదు.

నెలకు మెంటెనెన్సు 8,100 చెప్పారు. మెంటెనెన్సు మనిషికి నెలకు 7,500 దాటితే, సొసైటీ వసూళ్లు కూడా జీఎస్టీ హద్దు దాటితే, పైన 18 శాతం పన్ను పడుతుంది. అంటే చెప్పిన అంకె ఒకటి, కట్టేది ఇంకొకటి. ఇంకో సంగతి కూడా అక్కడే నేర్చుకున్నాం. పుణెలో "సొసైటీ" అని నోటితో అందరూ అంటారు గానీ కాగితం మీద రెండు రకాలు. ఒకటి 1960 సహకార చట్టం కింద రిజిస్టరైన హౌసింగ్ సొసైటీ. రెండోది 1970 అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం కింద డిక్లరేషను చేసినది. సొసైటీలో సర్వీసు చార్జీలు చిన్న ఫ్లాటుకూ పెద్ద ఫ్లాటుకూ సమానం. అపార్ట్‌మెంటులో ఎవరి వాటా శాతం ఎంతో దాన్ని బట్టి. ఇంటినిండా మనుషులున్నారని పెద్ద ఫ్లాటు తీసుకునే మనలాంటి వాళ్లకు ఈ తేడా నెలనెలా తెలుస్తుంది. ముందు ఈ ఒక్క మాట అడగండి: ఇది సొసైటీయా, అపార్ట్‌మెంటా?

రెండోసారి పోయినప్పుడు నాయినమ్మను తీసుకుపోయాం. ఆమె పట్టుపడితే బాపు ఆ ప్రశ్నను మరాఠీలో, కొంచెం మెత్తగా, మేనేజరును అడిగాడు. ఆ మనిషి మర్యాదగానే చెప్పాడు: ఎక్కువగా ఆసుపత్రి నుంచే నేరుగా తీసుకుపోతారు, ఇంట్లో జరిగితే సర్వీసు లిఫ్టు ఉంది, కింద మాత్రం ఉంచనివ్వరు. బాపు తెలుగులో చెప్పాడు. "సామాన్లు ఎక్కిచ్చే లిఫ్టా?" అంది నాయినమ్మ. ఇంకేం అనలేదు. చెప్పులేసుకుని బయట రిక్షా దగ్గర నిలబడింది.

తర్వాత చూసినదాని గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. మంచి చోటు, మంచి గాలి. బ్రోకరు ఫోనులో మొదట అడిగింది "మీరు ఏం తింటారు?" అని. దసరాకు మటన్ లేని ఇల్లు మాది కాదు. మహారాష్ట్ర మోడల్ బైలాస్‌లో ఎక్కడా తిండి ముచ్చట లేదు. తగిన కారణం లేకుండా సభ్యత్వం కాదనడానికి వీల్లేదని, దరఖాస్తుకు మూడు నెలల్లో జవాబు ఇవ్వకపోతే సభ్యత్వం వచ్చినట్టేనని చట్టంలోనే ఉంది. అట్లాగని కోర్టులు అన్నింటికీ తలుపులు తెరిచాయని కాదు. 2005లో అహ్మదాబాదు పార్సీ సొసైటీ కేసులో, సభ్యత్వం పార్సీలకే అన్న బైలాను సుప్రీంకోర్టు నిలబెట్టింది. మా తమ్ముడు ఆవేశంగా వాదిద్దామన్నాడు. బాపు ఒక్కటే అన్నాడు: "కేసు గెలుస్తం సరే. మర్నాడు కూర పొయ్యి మీద పెడితే కిటికీలు మూసుకునే మనుషులతోని ఎట్ల బతుకుతం?"

మూడోది హడప్సర్ లోపల, షోలాపూర్ రోడ్డుకు కొంచెం దూరంలో. 1994లో కట్టిన నాలుగంతస్తుల బిల్డింగు, ఇరవై నాలుగు ఇళ్లు, గోడలకు నాచు. లిఫ్టులో నలుగురు పడితే ఐదోవాడు మెట్లెక్కాలి. వదిన మొహం చూడాల్సింది ఆ రోజు.

సెక్రటరీ రిటైరైన బడి మాస్టరు. రూల్సు పుస్తకం అడిగితే బీరువాలోంచి మరాఠీలో అచ్చయిన మోడల్ బైలాస్ పుస్తకం తీసి ఇచ్చాడు. "ఇందులో లేనిది మా దగ్గర లేదు" అన్నాడు. అది పూర్తిగా నిజం కాదని తర్వాత తెలిసిందిగానీ, చాలావరకు నిజమే. నీళ్ల చార్జీ ఎన్ని నల్లాలుంటే అంత లెక్కన. లిఫ్టు ఖర్చు కింది ఇంటివాళ్లకూ సమానం. ఇల్లు కిరాయికిస్తే అదనంగా సర్వీసు చార్జీలో 10 శాతం మించకూడదు. కొనేటప్పుడు ట్రాన్స్‌ఫర్ ప్రీమియం 25,000 దాటకూడదు. "డొనేషను" పేరుతో లక్షలు అడిగిన చోటు కూడా ఒకటి మాకు తగిలింది కాబట్టి ఈ అంకె గుర్తుపెట్టుకోండి. బాకీ పడితే వడ్డీ ఏడాదికి 21 శాతం దాకా వేయవచ్చు. ఇది మన వడ్డీ వ్యాపారులను గుర్తుకు తెచ్చింది.

పార్కింగు దగ్గర మేము మోసపోయేవాళ్లమే. అమ్మేవాళ్లు స్టిల్టులో కారు జాగా కలిపి ధరలో రెండు లక్షలు ఎక్కువ చెప్పారు. మాస్టరు రిజిస్టరు తెరిచి చూపించాడు: ఆ జాగా సొసైటీది, వాళ్లకు వాడుకోవడానికి ఇచ్చినదే, అమ్ముకునే హక్కు లేదు. స్టిల్టు పార్కింగు, ఖాళీ జాగా పార్కింగు విడిగా అమ్ముకునే సరుకు కాదని 2010లో సుప్రీంకోర్టు బిల్డర్ల కేసులోనే తేల్చింది. ఆ రెండు లక్షలు తగ్గించే బేరం చేశాం.

తప్పులు కూడా రాయాలి కదా. మెంటెనెన్సు 1,800 అంటే మురిసిపోయాం. ఎందుకంత తక్కువో అప్పుడు అడగలేదు. బైలాస్ ప్రకారం ఇంటి కట్టుబడి ఖర్చు మీద ఏటా కనీసం 0.75 శాతం రిపేరు ఫండుకు, 0.25 శాతం సింకింగ్ ఫండుకు జమ చేయాలి. వీళ్లు ఏళ్ల తరబడి చేయలేదు. మేము దిగిన రెండో వానాకాలానికే టెర్రసు కారి, ఇంటికి అరవై వేల చొప్పున వసూలు పెట్టారు. తక్కువ మెంటెనెన్సు అంటే సగంసార్లు తర్వాత కట్టాల్సిన బాకీయే. ఇంకోటి, భూమి ఇప్పటికీ సొసైటీ పేరు మీద లేదు. బిల్డరు కన్వేయన్సు చేయలేదు, డీమ్డ్ కన్వేయన్సుకు దరఖాస్తు పెట్టామంటారు, అది ఇంకా నడుస్తూనే ఉంది. బాపు దాని గురించి మాట్లాడడం మొదలుపెడితే చాయ్ చల్లారిపోతుంది.

ఇన్ని ఉన్నా అదే ఎందుకు కొన్నామంటే, నాయినమ్మ ప్రశ్నకు మాస్టరు చెప్పిన జవాబు. ఆయన నవ్వలేదు, మెత్తబరచలేదు. "మా అమ్మ మూడో అంతస్తులో పోయింది. లిఫ్టులో పట్టదు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మెట్ల మీద దింపినం. కింద రెండు కార్లు తీయించి, ఆ నల్లా దగ్గర స్నానం చేయించినం." వేలితో నల్లా చూపించాడు. బాపు తెలుగులో చెప్పేలోపే నాయినమ్మకు అర్థమైంది. అరవై ఏండ్లు షోలాపూర్‌లో ఉన్న మనిషికి మరాఠీ రాకపోవడమేమిటి! నల్లా దగ్గరికి పోయి తిప్పి చూసింది. నీళ్లొచ్చాయి.

బతుకమ్మకు మొదటి ఏడు దరఖాస్తు రాసి ఇవ్వమన్నారు. గణపతికి చందా, మండపం, అన్నీ సొసైటీ ఖర్చులో ఉన్నాయి. మనదానికి కాగితం కావాలి. కొంచెం నొచ్చుకున్నాం. రాసిచ్చాం, తొమ్మిదిన్నరకు ముగించాలని, మైకు వద్దని రాసి ఒప్పుకున్నారు. తంగేడు దొరకలేదు, బంతి, చామంతితో పేర్చాం. అమ్మ, వదిన, చెల్లె, నాయినమ్మ నలుగురే, పార్కింగులో చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే బిడియంగానే ఉంది. మూడో రోజు రెండో అంతస్తు కాకు దిగివచ్చి "అరే, ఇది మా భోండ్లా లాగానే ఉంది" అంది. వాళ్లలో నవరాత్రికే ఆడవాళ్లు ఏనుగు బొమ్మ పెట్టి చుట్టూ తిరిగి పాడతారు. మరుసటి ఏడు ఏనుగు, బతుకమ్మ పక్కపక్కన. దరఖాస్తు ఎవరూ అడగలేదు. టెర్రసు మీద ఎండాకాలం కుర్డాయిలు, పాపడాలు ఆరబెట్టడానికి మాత్రం తాళంచెవి ఇంకా సంతకం పెట్టే తీసుకోవాలి.

నాయినమ్మ పోయిన ఏడాది మాఘమాసంలో, తెల్లవారుజామున, నిద్రలోనే పోయింది. మాస్టరే అందరికంటే ముందు వచ్చాడు. కుర్చీ ఆయన ఇంటిదే. మలుపు దగ్గర కుర్చీ తిరగక కొంచెం కష్టమైంది, రెండో అంతస్తు అబ్బాయి కిందికి దిగి భుజం పెట్టాడు. మూడు కార్లు, స్కూటర్లు తీసేశారు. షోలాపూర్ నుంచి చుట్టాలు రావాలి, దగ్గర దగ్గర ఐదు గంటలు కిందే ఉంచాం. ఆ నల్లా నీళ్లే పోశాం. వాచ్‌మన్ మాకు చెప్పకుండానే గేటు పక్కన రేడియో ఆపేశాడు.

ఇప్పుడు కొత్తగా కొన్నవాళ్లు ఐదారు ఇళ్లున్నారు. చిన్న పిల్లలు, ఆన్‌లైను ఆఫీసులు. వాళ్లలో ఒకరు మర్యాదగానే ఉత్తరం ఇచ్చారు: పార్కింగులో శవాన్ని గంట కంటే ఎక్కువ ఉంచకూడదని, స్నానం అక్కడ చేయించకూడదని రూలు పెట్టాలి, పిల్లలు భయపడుతున్నారు. ఆ ఇంటి పాప ఆ రోజు మెట్ల మీద నిలబడి చూడడం మాకూ గుర్తుంది, కాబట్టి ఉత్తి కోపంతో కొట్టిపారేయలేకపోతున్నాం. గంట చాలదు, ఐదు గంటలు ఎక్కువేనేమో అని మా ఇంట్లోనే రెండు మాటలున్నాయి. స్నానం సంగతిలో మాత్రం ఒకటే మాట.

సెప్టెంబరు నెలాఖరులోపు జనరల్ బాడీ ఉంది, అందులో ఈ ముచ్చట వస్తుంది. షేర్ సర్టిఫికెటు మీద మొదటి పేరు బాపుది, అందుకని ఓటు ఆయనదే. ఆయన ఇప్పుడు షోలాపూర్‌లో, కిందిల్లు కిరాయికిచ్చే పని మీద ఉన్నాడు. మొన్న ఫోనులో అడిగితే, ఒకరోజు ముందే వస్తానని, హుతాత్మకు టికెటు తీసిపెట్టమని చెప్పాడు. మాస్టరుకు ఒక చద్దరు కూడా తెస్తున్నాడట.