పంటకు పనికిరాని నేల

అనంతపురం నుంచి బెంగళూరు దారి పడితే ఊరు దాటిన కాసేపటికే రాప్తాడు వస్తుంది. రోడ్డుకు అటూ ఇటూ ఎర్రనేల, దూరంగా బోడిగుట్టలు. అదునుకు వానొస్తే చెనిక్కాయ చేలు, రాకపోతే బీళ్లు. బీడు అనేది ఇక్కడ దిగులు మాట. అలాంటి బీడునే వందల ఏళ్లుగా నెత్తిన పెట్టుకుని చూసుకుంటున్న ఊళ్లు కొన్ని బ్రిటన్ సముద్రతీరంలో ఉన్నాయి. ప్రపంచం నలుమూలల నుంచీ జనం విమానాలెక్కి మరీ అక్కడికి వెళుతుంటారు... ఓ సంచీడు కర్రలు, నాలుగు తెల్లబంతులు పట్టుకుని!

ఆ బీళ్లనే లింక్స్ అంటారు. ఇంటర్నెట్ లింకులకూ వీటికీ ఏ సంబంధమూ లేదు. పాత ఇంగ్లిషులో గట్టు, మిట్ట అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన పేరిది. సముద్రపు ఇసుకకూ దున్నుకునే పొలానికీ మధ్య మిగిలిపోయిన మిట్టపల్లాల నేల. మడక కడితే గింజ పండదు. గొర్రెలు తోలుకోవాలి, కుందేళ్లు పట్టుకోవాలి, అంతే! గోల్ఫ్ పెరిగి పెద్దదయింది ఈ నేలమీదే. టీవీలో కనిపించే పచ్చటి తివాచీలూ, కొలనులూ, వరస చెట్లూ తర్వాత వచ్చిన సోకులు. లింక్స్‌లో చెట్టన్నది అరుదు. నీడ కావాలంటే మబ్బు రావాల్సిందే.

ఈ తీరం పొడవునా వారాల తరబడి ఆడుతూ తిరగడం గోల్ఫ్ పిచ్చి ఉన్నవాళ్లకు కాశీయాత్రలాంటిది. స్కాట్లాండు పడమటి ఒడ్డున ప్రెస్ట్‌విక్, ట్రూన్, టర్న్‌బెర్రీ. తూర్పున సెయింట్ ఆండ్రూస్, కార్నూస్టీ. బాగా ఉత్తరాన డోర్నాక్. ఇంగ్లండులోకి దిగితే లివర్‌పూల్ పక్కన హోయ్‌లేక్, దక్షిణాన కెంట్‌లో శాండ్‌విచ్. అన్నీ తిరిగొచ్చినవాళ్లను కదిపితే స్కోరు కంటే ముందు గాలి గురించి చెబుతారు. పొద్దున ఓ చిన్న దెబ్బకు అందిన గుంత, మధ్యాహ్నం గాలి తిరిగితే బలమంతా పెట్టి కొట్టినా అందదు. ట్రూన్‌లో ఎనిమిదో గుంత పేరు 'తపాలా బిళ్ల'. దూరం 123 గజాలే. చుట్టూ ఇసుక గోతులు. మహామహులు అక్కడ నవ్వులపాలయ్యారు. 1973 ఓపెన్‌లో జీన్ సారజెన్ అనే పెద్దాయన మాత్రం ఒక్క దెబ్బతో బంతిని అందులో వేసేశాడు. అప్పటికి ఆయన వయసు 71!

ఓపెన్ పోటీ మొదలైంది ప్రెస్ట్‌విక్‌లో. 1860 అక్టోబరు 17న ఎనిమిదిమంది ఆడారు. పన్నెండు గుంతల మైదానాన్ని ఒక్కరోజులో మూడుసార్లు చుట్టారు. గెలిచిన విల్లీ పార్క్‌కు దక్కింది ఎర్రతోలు బెల్టు. నేటి కోట్ల బహుమతులకు మూలపురుషుడు ఆ బెల్టే.

కార్నూస్టీలో ఎవరినడిగినా చూపించేది మాత్రం ఓ వాగు. బ్యారీ బర్న్ దాని పేరు. పండమేరు పొంగగా చూసినవాళ్లకు అదో పిల్లకాలువలా ఉంటుంది. 1999 ఓపెన్‌లో ఫ్రాన్సు ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ చివరి గుంతకు వచ్చేసరికి మూడు దెబ్బల ఆధిక్యంలో ఉన్నాడు. ఆరు దెబ్బల్లో ముగించినా కప్పు ఆయనదే. బంతి ప్రేక్షకుల స్టాండుకు తగిలి వెనక్కొచ్చింది, తర్వాత వెళ్లి వాగులో పడింది. బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగి నిలబడ్డాడాయన. బంతిని చూసి, ఆలోచించి, పైకొచ్చేశాడు. ఏడు దెబ్బలు పట్టాయి. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో గెలిచింది స్కాట్లాండువాడే అయిన పాల్ లారీ. అయినా కార్నూస్టీ పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది నీళ్లలో నిలబడ్డ ఆ ఫ్రెంచాయనే. పాపం లారీ!

ఇక సెయింట్ ఆండ్రూస్. ఓల్డ్ కోర్సులో 112 ఇసుక గోతులున్నాయి. గాలికి ఓర్వలేక గొర్రెలు ఒదిగి పడుకున్న పల్లాలే క్రమంగా గోతులయ్యాయని అక్కడ చెప్పుకుంటారు. కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగు కుర్రాడు సాహిత్ తీగల 2022లో ఈ మైదానంలోనే 150వ ఓపెన్ ఆడాడు. ఇంత పేరున్నా అది ఏ జమీందారుదో, ఏ క్లబ్బుదో కాదు. ఊరుమ్మడి నేల. 1552 నాటి పత్రంలోనే అక్కడ గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరి జనానికి రాసి ఉంది. 1797లో పురపాలక మండలి అప్పులపాలై ఆ నేలను కుందేళ్ల పెంపకందార్ల చేతుల్లో పెట్టింది. మైదానమంతా బొరియలే! గోల్ఫ్ ఆడేవాళ్లకూ కుందేళ్లవాళ్లకూ ఏళ్ల తరబడి కొట్లాట, కోర్టులు. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే ఆసామి ఆ నేలను కొని ఆటను కాపాడాడు. 1894లో పార్లమెంటు చట్టం ద్వారా ఊరు మళ్లీ దాన్ని దక్కించుకుంది. 1974 నుంచి ఓ ట్రస్టు చూసుకుంటోంది. ఆదివారం వచ్చిందంటే మామూలుగా ఆట బంద్. ఆ రోజు ఊరివాళ్లు పిల్లల్నీ కుక్కల్నీ తీసుకుని అదే పచ్చిక మీద షికారు చేస్తారు.

రాప్తాడు ప్రాంతానికి ఆ దేశంతో ఓ పాత చుట్టరికం ఉంది. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరు. సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. పొలం పొలాన్నీ కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని నిలబెట్టింది ఆయనే. సాగుదారుకు అది మేలే. కానీ ఎవరి పేరునా లేని బీడు క్రమంగా సర్కారు లెక్కలోకి పోయింది. ఊరి గొర్రెలు మేసే నేలకు సెయింట్ ఆండ్రూస్‌లాంటి పత్రం ఇక్కడ లేదు. అందుకే బీడు ఎవరికిచ్చినా అడ్డుపడటానికి గొర్రెలకాపరి చేతిలో కాగితముండదు. స్కాట్లాండులోనూ అంతా సాఫీగా లేదు లెండి. బ్రోరా మైదానంలో గొర్రెలూ ఆవులూ మేసే హక్కు రైతులది. అవి తొక్కకుండా గుంతల చుట్టూ కరెంటు తీగలు కట్టి ఏళ్ల తరబడి ఆడారు.

తిరిగొచ్చిన సీమవాసి నమ్మడానికి ఇబ్బందిపడే సంగతి ఇంకొకటుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. మరి నిత్యం తడిసి ముద్దయినట్టు కనిపించే సెయింట్ ఆండ్రూస్ తీరంలో? దాదాపు 700. అంతే! తేడా అంతా పడే తీరులో ఉంది. అక్కడ పన్నెండు నెలలూ జల్లు జల్లుగా కురుస్తుంది, చల్లదనానికి తడి ఆరదు. ఇక్కడ నెలల తరబడి ఎండగట్టి, వస్తే ఒక్కసారే వస్తుంది. 2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీలను ముంచెత్తింది అలాగే. అక్కడా వాన ముఖం చాటేసిన ఏడు లేకపోలేదు. 2018 వేసవిలో కార్నూస్టీ ఓపెన్ జరిగినప్పుడు మైదానమంతా ఎండిపోయి గోధుమరంగులోకి తిరిగింది. బంతి పడితే ఆగకుండా దొర్లిపోయేది. గడ్డి మాత్రం చావలేదు. వానలు పడగానే చిగురించింది.

ఆ గడ్డి విలువ స్కాట్లాండుకు ఊరికే తెలిసిరాలేదు. 1694లో ఉత్తర తీరాన కల్బిన్ అనే ఎస్టేటు మీదికి పెనుగాలికి ఇసుక వచ్చి పడింది. పొలాలు, ఇళ్లు పూడిపోయాయి. ఇళ్ల కప్పులకోసం ఇసుకదిబ్బల మీది గడ్డిని జనం పీకేస్తూ రావడమే కారణమని తేల్చారు. మరుసటి ఏడే స్కాట్లాండు పార్లమెంటు ఆ గడ్డి పీకడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడ అడవి పెంచాక గానీ ఇసుక పూర్తిగా కుదురుకోలేదు. సముద్రంతో పోరు ఇప్పటికీ ఉంది. అతి పాత మైదానాల్లో ఒకటైన మాంట్రోజ్ అంచుల్ని అలలు కోసుకుపోతుంటే, ఆడే చోటును లోపలికి జరుపుకుంటున్నారు.

ఇసుకదిబ్బ చూడాలంటే రాప్తాడు వాళ్లు అంతదూరం పోనక్కర్లేదు. జిల్లా పడమటి అంచున, బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో హగరి ఒడ్డున ఉన్నాయి. సముద్రం లేని ఊళ్లో సముద్రపు ఒడ్డులాంటి దిబ్బలు! గాలుల కాలం వస్తే చాలు, ఆ ఇసుక లేచి పక్క చేలల్లో మేట వేస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పే గాలి ఏమంత చిన్నది కాదు. పట్టి ఉంచే గడ్డీ చెట్టూ ఉన్నచోట దిబ్బ ఆగుతుంది. లేనిచోట రైతు పార పట్టుకుని చేలో ఇసుక ఎత్తిపోసుకోవాలి.