చెప్పింది చెప్పినట్టు

ఒక చిన్న ఆట ఆడదామా? మీ ఇంట్లో కుక్కర్ పెట్టడం బొత్తిగా రాని మనిషిని పిలవండి. వెతుక్కోనక్కర్లేదు, ఇంటికొకరుంటారు. అన్నం ఎలా వండాలో ఆయనకు ఇంగ్లీషులో చెప్పండి. షరతు ఒక్కటే: మీరు చెప్పింది తప్ప ఆయన ఇంకేమీ చేయకూడదు. "పుట్ ద రైస్ ఇన్ ద కుక్కర్" అన్నారనుకోండి, బియ్యం సంచీతో సహా కుక్కర్లో కుక్కుతారు. మూత తీయమని చెప్పలేదు కనుక మూత మీదే పెట్టినా మీరు కోప్పడడానికి లేదు.

పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పే క్లాసులో ఈ ఆటకున్న గిరాకీ దేనికీ ఉండదు. నవ్వులాటగా కనిపిస్తుంది కానీ, దీని వెనక ఉద్యోగం ఉంది. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో దుబాయ్ వెళ్లి హోటల్లో హౌస్‌కీపింగ్ పనిలో కుదిరిన అబ్బాయినే తీసుకోండి. మొదట్లో సూపర్‌వైజర్ చెబుతాడు, ఇతను చేస్తాడు. తోటివాళ్లతో హిందీ సరిపోతుంది. కొన్నాళ్లకు ఇతనే సీనియర్ అవుతాడు. ఫిలిప్పీన్స్ నుంచి కొత్తగా ఒకమ్మాయి వస్తుంది. "ఆమెకు పని చూపించు" అంటాడు మేనేజర్. ఆమెకు హిందీ రాదు, ఇద్దరికీ వచ్చింది కాసింత ఇంగ్లీషే. ఇన్నాళ్లూ చేతులు చేసుకుపోయిన పనిని ఇప్పుడు నోరు చెప్పాలి.

చిక్కెక్కడో చెప్పనా? మన వ్యాకరణం మహా పొదుపరి. "మెషిన్ ఆపి, ప్లగ్ తీసి, బ్రష్ విప్పి, కడిగి, ఆరబెట్టు." ఐదు పనులకు ఒకే వాక్యం! దాన్ని అలాగే ఇంగ్లీషులోకి ఈడ్చుకెళితే "ఆఫ్టర్ స్విచింగ్ ఆఫ్, ఆఫ్టర్ రిమూవింగ్ ద ప్లగ్..." అంటూ గూడ్సుబండిలా సాగుతుంది. వినే అమ్మాయి మూడో పెట్టె దగ్గరే తప్పిపోతుంది. అందుకని ముక్కలు చేయిస్తాం. "స్విచ్ ఇట్ ఆఫ్. పుల్ అవుట్ ద ప్లగ్. టేక్ ఆఫ్ ద బ్రష్." వాక్యానికి ఒక పని.

ఇదేదో ఇంగ్లీషు చాలనివాళ్ల సర్దుబాటు అనుకునేరు! విమానాల మరమ్మతు పుస్తకాలు రాసేది ఇలాగే. ప్రపంచమంతటా మెకానిక్‌లు చదవాలి, అందరికీ ఇంగ్లీషు మాతృభాష కాదు కదా. అందుకే యూరప్ విమాన పరిశ్రమ కొన్ని నియమాలు కూర్చి 1986లో ఒక గైడు తెచ్చింది. ఇప్పుడు దాన్ని సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ అంటున్నారు. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. రెండు పనులు ఒకేసారి చేయాల్సినప్పుడు తప్ప, ఒక వాక్యంలో ఒక పనే ఉండాలి. విమానం ఇంజనుకు సరిపోయిన ఇంగ్లీషు వాక్యూమ్ క్లీనర్‌కు సరిపోదంటారా?

పనికి షరతు ఉంటే షరతే ముందు రావాలన్న అలవాటు మాత్రం మనకు పుట్టుకతోనే ఉంది. "తలుపుకి బోర్డు లేకపోతే తట్టు" అంటాం. ఇంగ్లీషులో ఎటైనా చెప్పొచ్చు కదా అని "నాక్ ఆన్ ద డోర్, ఇఫ్ దేర్ ఈజ్ నో సైన్" అన్నామనుకోండి, షరతు చెవిన పడేలోపే తలుపు మోగిపోతుంది.

మర్యాద సంగతి వేరే ఉంది. తెలుగులో క్రియకే "అండి" తగిలిస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో ఆ తోక లేదు కాబట్టి, మనవాళ్లకు ఉత్త "పుల్", "ఓపెన్" అనడానికి నోరు రాదు. అవతల వయసులో పెద్దవాళ్లుంటే మరీనూ. అడుగడుగునా ప్లీజ్ పెట్టేస్తారు. సాయం అడిగేటప్పుడు "కెన్ యూ" అనాలి సరే, పని వరస చెప్పేటప్పుడు అది అక్కర్లేదు. ఇక ప్రమాదమైతే అసలే వద్దు. బాత్రూమ్ కడిగే బ్లీచ్‌నీ, యాసిడ్ క్లీనర్‌నీ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ ఇరుకు గదిలో ఊపిరి తిప్పుకోలేరు. అక్కడ "నెవర్ మిక్స్ దీజ్ టూ" అని గట్టిగా అనగలగాలి. నసిగితే మర్యాద మిగులుతుందేమో గానీ మనిషి మిగలరు.

అంతా చెప్పాక "డూ యూ అండర్‌స్టాండ్?" అని అడిగితే ఎవరైనా ఎస్ అనే అంటారు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు నో అంటారా! అందుకే "షో మీ" అనో, "విచ్ బాటిల్ ఫస్ట్?" అనో అడగమంటాం. రన్‌వే మీద ఫలానా పని చేయమని టవర్ చెబితే పైలట్ కూడా ఊరికే సరే అనడు, చెప్పినదాన్ని తిరిగి అప్పజెప్పాల్సిందే.

నేర్పే దారి కొత్తదేమీ కాదు. 1960ల్లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్టు, ఆజ్ఞలు వింటూ ఒళ్లు కదిలిస్తూ భాష నేర్చుకునే పద్ధతిని తీర్చిదిద్దాడు. ముందు పంతులు చెబుతాడు, విద్యార్థులు లేచి చేస్తారు. మాట్లాడమని ఎవరూ తొందరపెట్టరు. నోరు తిరిగాక పెత్తనం వాళ్ల చేతికొస్తుంది. పంతులు చేత కుర్చీలు మోయించడంలో పెద్దవాళ్లు చూపించే ఉత్సాహం చిన్నపిల్లల్లో కూడా చూడలేదు నేను.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణానికి తయారవుతుంటే, టెన్సుల పట్టిక ముందేసి బెదరగొట్టకండి. పని చెప్పే వాక్యానికి కర్త అక్కర్లేదు, కాలమూ అక్కర్లేదు. పనిముట్ల పేర్లు, వాటితో చేసే పనుల క్రియలు రాయించండి. వరస వాళ్లకే బాగా తెలుసు, అక్కడ మనమే శిష్యులం. దుప్పటి మూలను 45 డిగ్రీలకు మడిచి పరుపు కింద ఎలా దోపాలో నాకు నేర్పింది నా క్లాసువాళ్లే. కావాలంటే మీకూ చెబుతాను, వాక్యానికి ఒక పని చొప్పున.