లైసెన్స్ కాగితం చదవడం కూడా మన పనే

ఈ మధ్య మన గ్రూపులో తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది లినక్స్, ఎంబెడెడ్ కోర్సుల గురించి అడుగుతున్నారు. కోర్సుల్లో పెద్దగా చెప్పని ఒక సంగతి రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

నేను పనిచేసే చిన్న కంపెనీ లినక్స్‌తో నడిచే ఒక డబ్బా తయారుచేసి అమ్ముతుంది. అందులోని వైఫై చిప్పుకి డ్రైవర్‌ని బైనరీగా మాత్రమే ఇచ్చారు. బయటపెట్టకూడదని సంతకం కూడా చేయించుకున్నారు. ఒకరోజు ఒక కస్టమర్ "మీ డబ్బాలో లినక్స్ ఉంది కదా, సోర్స్ పంపండి" అని మెయిల్ పెట్టాడు. "జవాబు ఇవ్వొద్దు, వదిలెయ్" అన్నారు మా మేనేజర్. నేను చేరి అప్పటికి ఆరు నెలలే. మా ఇంట్లో మొదటి ఉద్యోగం నాదే. ఊరుకుంటే ఏ గొడవా లేదు. కానీ ఆ రాత్రి కూర్చుని లైసెన్స్ మొత్తం చదివా.

లినక్స్ కెర్నల్ జీపీఎల్ వెర్షన్ 2 కింద ఉంది. మన సొంత కంప్యూటర్‌లో ఏం మార్చుకున్నా ఎవరూ అడగరు. బైనరీని ఇంకొకరి చేతికి ఇస్తే మాత్రం దాని సోర్స్ కూడా ఇవ్వాలి. లేదంటే, అడిగిన ఎవరికైనా ఇస్తామని కనీసం 3 ఏళ్లు చెల్లేలా రాసివ్వాలి. బిల్డ్ చేసే స్క్రిప్టులు కూడా సోర్స్ కిందికే వస్తాయి. కొండ ఊట నుంచి ఎవరైనా పైపు వేసుకోవచ్చు, ఊటకే తాళం వేస్తానంటే ఊరు ఒప్పుకోదు కదా. ఇదీ అంతే.

చిక్కంతా సోర్స్ ఇవ్వని డ్రైవర్ దగ్గరే. అలాంటి మాడ్యూల్ కెర్నల్‌లో భాగమా, వేరే ప్రోగ్రామా అని ఏళ్లుగా వాదన నడుస్తోంది. దాన్ని ఎక్కిస్తే కెర్నల్ తనకు తానే 'టెయింటెడ్' అని గుర్తు వేసుకుంటుంది. కొన్ని ఫంక్షన్లు జీపీఎల్ మాడ్యూళ్లకే అందుతాయి. అయితే డ్రైవర్ సోర్స్ లేదు కాబట్టి కెర్నల్ సోర్స్ కూడా ఇవ్వక్కర్లేదు అనడం కుదరదు. అక్కడ వాదనే లేదు.

లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ సంగతి చూడండి. అందులో లినక్స్ ఉందని కనిపెట్టి జనం అడిగితే 2003లో సోర్స్ బయటపెట్టారు. దాంట్లోంచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్ మాత్రం బైనరీగానే ఉండిపోయింది. దానివల్ల ఆ రౌటర్లు చాలాకాలం పాత 2.4 కెర్నల్‌తోనే సర్దుకోవాల్సి వచ్చింది. లింక్‌సిస్‌ని కొన్న సిస్కో మీద ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008లో కేసు వేస్తే 2009లో రాజీ కుదిరింది.

ఇదంతా ఒక పేజీలో రాసి మేనేజర్‌కి ఇచ్చా. "నువ్వు లాయరువా?" అన్నారు. "కాదు సర్. కానీ ఆ కోడ్ వాడుకుని అమ్మినప్పుడే మనం దీనికి ఒప్పుకున్నట్టు" అన్నా. మూడు వారాలకి కెర్నల్, బిజీబాక్స్ సోర్సులు, స్క్రిప్టులు కస్టమర్‌కి వెళ్లాయి. డ్రైవర్ సోర్స్ మా దగ్గరే లేదు, అది వెళ్లలేదు. కొత్త మోడల్‌కి సోర్స్ దొరికే చిప్పు కొందామని అడిగా. రేటు ఎక్కువట, ఇంకా తేల్చలేదు.

చదవని కాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న తాతలు మనలో ఎందరికో ఉన్నారు. చదువుకున్న మనం కాగితం చదవకుండా వదిలితే ఎట్లా? ఉద్యోగంలో చేరగానే మూడు అడగండి: ఈ కోడ్ ఏ లైసెన్స్‌ది? బయటికి అమ్ముతున్నామా? డ్రైవర్ సోర్స్ ఎవరి దగ్గరుంది? భయపడకుండా అడగండి, అడిగింది మెయిల్‌లో రాసిపెట్టుకోండి.