మా యింటి వేన్నీళ్ల యంత్రము

వేన్నీళ్ల ముచ్చట కూడ వ్రాయదగిన విషయమేనా యని మీరు నవ్వవచ్చును. మా యింట అది ప్రాణముమీదికి వచ్చినది గనుక వ్రాయ సాహసించుచున్నాను.

నా పుట్టినిల్లు కరీంనగరము, మెట్టినిల్లు ఆదిలాబాదు. తెలంగాణమున చలికి పేరుపడినది మా ఆదిలాబాదే. పుష్యమాసమున తెల్లవారుజామున ఉష్ణమానము 10 డిగ్రీలకు దిగువకు జారుట ఇచ్చట వింత గాదు. నేను కాపురమునకు వచ్చిననాడు పెరటిలో మూడు రాళ్ల పొయ్యిమీద రాగి కాగు ఉండెడిది. అత్తగారు కోడికూతకు లేచి, కట్టెలు పేర్చి, ఇంటిల్లిపాదికి నీళ్లు కాచెడివారు. పొగకు ఆమె కండ్లు మసకబారుచుండగా చూడలేక నా భర్త 15 లీటర్ల గీజరును గోడకు బిగింపించిరి. బిగించిన పనివాడు వేడిని నిర్ణయించు మరను కడవరకు త్రిప్పి, "గిట్లనే ఉంచుండ్రమ్మా, నీళ్లు మంచిగ కాగుతయి" అని చెప్పి పోయెను. మేమును అట్లే ఉంచితిమి. కాగు అటుకెక్కినది.

అయిదేండ్లు గడచినవి. యంత్రములో ఏదో గుడగుడలాడు చప్పుడు మొదలయినది. నేను లెక్కచేయలేదు. నాలుగేండ్ల క్రిందటి పుష్యమాసమున ఒకనాడు అత్తగారు స్నానము చేసివచ్చి, "నల్లా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటున్నదే బిడ్డా" అనిరి. "చలికి చేతులు తిమ్మిరెక్కినయేమో, అత్తమ్మా" అంటిని. మరునాడును అదే మాట. మూడవనాడు ఆమె మాటలాడలేదు. వణకుచేతులతో అటుకుమీది కాగును దింపించి, పెరటిలో పొయ్యి రాజేయుచుండిరి. నా మనసు చివుక్కుమన్నది. యంత్రము తెచ్చినది ఆమె కొఱకే గదా!

ఆమెకు జివ్వుమన్నది నాకేల తెలియలేదు? ఆలోచింపగా స్ఫురించినది. చలికి నేను స్నానపుగదిలో రబ్బరు చెప్పులు తొడుగుదును. ఆమె వట్టికాళ్లతో తడినేలపై నిలుచును. చెప్పులు విడిచి, వ్రేలి వెనుకభాగముతో నల్లాను తాకితిని. మోచేతివరకు జిల్లుమన్నది. అట్లు పరీక్షించుట ఎంతటి అవివేకమో అటుపిమ్మట తెలిసినది. మీరెవ్వరు నట్లు చేయవలదు. వెంటనే చేయి తుడుచుకొని ఇంటి మెయిన్ స్విచ్చిని దింపితిని.

విద్యుత్తు పనివాడు వచ్చి రెండు లోపములు చూపెను. గోడలోని మూడు రంధ్రముల సాకెట్టులో పెద్ద రంధ్రమునకు వెనుక తీగయే లేదు. దారితప్పిన విద్యుత్తును భూమిలోనికి చేర్చు ఎర్తు తీగ అదియే. రెండవది, నీటిని కాచు ఊచ చుట్టు వ్రేలిమందమున తెల్లని పెచ్చు కట్టి, దాని తొడుగు పగిలి, విద్యుత్తు నీటిలోనికి ప్రాకుచున్నది.

ఆ తెల్లని పెచ్చు నాకు క్రొత్తది గాదు. కరీంనగరమున మా బోరు నీటికి కాగు అడుగున అట్టిదే కట్టెడిది. మా అమ్మ చింతపండు పులుసు పోసి నానబెట్టి, గీకి, "సున్నం పేరుకపోతే కట్టెలు దండుగ" అనెడిది. ఉప్పునీటిలోని సున్నము వేడికి విడివడి అంటుకొనును. వేడి హెచ్చినకొలది మఱింత అంటును. నీటికి చేరవలసిన వేడి ఆ పొరలో చిక్కి ఊచనే కాల్చును. ఆ గుడగుడ చప్పుడు దాని హెచ్చరికయే. కాగు విషయమున తెలిసినది గీజరు విషయమున నాకు తోచకపోయెను.

ఊచ మార్చి, భూమిలో ఎర్తు నాటించితిమి. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారితప్పిన మాత్రాన కరెంటును తెగగొట్టు సాధనమును మెయిన్ స్విచ్చి ప్రక్కన పెట్టించితిమి. దానికొక పరీక్ష మీట యున్నది. నెలకొకసారి నేనే నొక్కి చూతును. ఏటేటా చలికాలమునకు ముందు పనివానిచే లోపలి సున్నము తీయించుచున్నాము.

మరను 60 డిగ్రీలవద్ద నిలిపితిని. అంతకు మిక్కిలి తగ్గించినచో నిలువనీటిలో రోగక్రిములు పెరుగవచ్చును. పెంచినచో సున్నమును, ఖర్చును పెరుగును. 60 డిగ్రీల నీరైనను క్షణములలో చర్మమును కాల్చును. కావున బకెటులో ముందు చన్నీళ్లు, పిదప వేన్నీళ్లు పోయవలెను. పసిబిడ్డలున్న యిండ్ల తల్లులు ఈ వరుస మరువరాదు.

2 కిలోవాట్ల యంత్రము 15 లీటర్ల నీటిని 15 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు ఇంచుమించు 25 నిమిషములు చాలును. అంతసేపు దీపము వెలిగియు నీరు చల్లగనే యున్నచో ఊచ చెడినదేమో చూపింపవలెను. నల్లానుండి ఆవిరి చిమ్మినచో మర పట్టుకొనిపోయినదని తలచి వెంటనే కరెంటు ఆపవలెను. కాగునప్పుడు రక్షణ కవాటమునుండి కొన్ని చుక్కలు రాలుట సహజము, నీరు వేడికి వ్యాకోచించును గదా. దానికి బిరడా కొట్టరాదు.

ఇవన్నియు పనివానికి తెలిసినవే. కాని యంత్రముతో ప్రతిదినము మెలగువారము మనము. దాని చప్పుడును, దీపమును, వాసనను ముందుగా కనిపెట్టువారమును మనమే. మా యింట అందఱికంటె ముందు కనిపెట్టినది డెబ్బదియేండ్ల అత్తగారు, విననిదానను నేను. ఇంటిలోని ముసలివారు గాని పనిమనిషి గాని "జివ్వుమన్న"దని చెప్పినచో, చలి యని, భ్రమ యని త్రోసివేయక, ఆ క్షణమే కరెంటు ఆపి పరీక్షింపించుడు.

ఇప్పుడు అత్తగారు మరల గీజరు నీళ్లే పోసికొనుచున్నారు. అయినను స్నానమునకు పోవునపుడు గడపవద్ద ఆగి, "స్విచ్చి బందు జేసినవా బిడ్డా?" అని అడుగుదురు. "చేసిన, అత్తమ్మా" అని చెప్పి, మరల నొకసారి పోయి చూచి వత్తును.