పాచి దాచిపెట్టిన పీచు

వారం రోజులుగా నాకు స్నానం తెమలడం లేదు. బీరపీచు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడిపోతున్నాను, బయటి నుంచి "నీళ్ళు సల్లారిపోతన్నాయిరా!" అని అమ్మ కేకేసేదాకా. దీనికంతటికీ కారణం ఒక ఫొటో. చైనాలో యాంగ్‌ట్సీ లోయ సున్నపురాయిలో దొరికిన స్పాంజి శిలాజం అది. వయసు 55 కోట్ల ఏళ్ళు!

స్పాంజి అంటే అంట్లు తోముకునే ముక్క అనుకునే బాపతు నేను. అది జంతువట. నోరు లేదు, పొట్ట లేదు, మెదడు లేదు, ఒక్క నరమైనా లేదు. ఒళ్ళంతా చిల్లులే. ఆ చిల్లుల్లోంచి సముద్రాన్ని లోపలికి లాక్కుని, వడకట్టుకు తిని, మిగిలిన నీళ్ళు బయటికి వదిలేస్తుంది. 1907లో విల్సన్ అనే శాస్త్రవేత్త బతికున్న స్పాంజిని సన్నటి గుడ్డలో పెట్టి పిండేశాడు. చెల్లాచెదురైన కణాలు నీళ్ళలో పాకుతూ ఒకదాన్నొకటి అతుక్కుని మళ్ళీ స్పాంజిలైపోయాయి! ఇది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అసలు మాయ ఇంకోటుంది. జన్యువుల లెక్క ప్రకారం స్పాంజిలు 70 కోట్ల ఏళ్ళ క్రితమే పుట్టి ఉండాలి. రాళ్ళలో ఇన్నాళ్ళూ నమ్మకంగా కనిపించింది మాత్రం 54 కోట్ల ఏళ్ళ నుంచే. మధ్యలో 16 కోట్ల ఏళ్ళు ఏమైపోయాయి? చాలా స్పాంజిల ఒంట్లో గాజు సూదుల్లాంటి ముళ్ళుంటాయి. ఒళ్ళు కుళ్ళినా ఆ ముళ్ళు బురదలో మిగులుతాయి కనుక అందరూ వాటికోసమే వెతికారు. 2024లో షుహాయ్ షియావ్ బృందం 'నేచర్' పత్రికలో బయటపెట్టిన నా ఫొటోలోని స్పాంజికి, అంటే హెలికోలోసెల్లస్‌కి, అసలు ముళ్ళే లేవు. దాదాపు మూరెడు పొడవు, గరాటు ఆకారం, ఒంటినిండా గళ్ళు, ప్రతి గడిలో మళ్ళీ చిన్న గళ్ళు. గళ్ళ లుంగీ చుట్టుకుని సముద్రం అడుగున నిలబడ్డట్టుంది. తొలినాటి స్పాంజిలన్నీ ఇలా మెత్తటివే అయ్యుంటాయని వాళ్ళ వాదన.

మరి మెత్తటిది రాయిలో ఎలా నిలిచింది? చోడవరం చుట్టుపక్కల బెల్లం వండేవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. పాకం అదను తప్పితే దిమ్మ కట్టదు. ఇక్కడా అంతే. కుళ్ళడానికీ గట్టిపడడానికీ పందెం. చచ్చిన జీవిని బురదో, పాచి పొరో గబుక్కున కప్పెయ్యాలి, ప్రాణవాయువు తగలకూడదు. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులే చుట్టూ ఉన్న నీటి గుణం మార్చేస్తే సున్నం పేరుకుని అచ్చు బిగుసుకుంటుంది. తినడానికొచ్చినవాళ్ళే విగ్రహం పోసి వెళ్ళారన్నమాట! ఒక్కోసారి అచ్చే కాదు, సరుకు కూడా మిగులుతుంది. కెనడాలోని బర్జెస్ షేల్‌లో దొరికిన వాక్సియా అనే స్పాంజిలో కైటిన్ ఇంకా ఉందని 2013లో తేల్చారు. రొయ్య పెంకులో ఉండే పదార్థమే. 50 కోట్ల ఏళ్ళు దాటింది మరి!

ఎలిజబెత్ టర్నర్ అనే భూశాస్త్రవేత్త ఇంకా వెనక్కి, 89 కోట్ల ఏళ్ళ దాకా వెళ్ళారు. కెనడా వాయవ్యంలో పాచి కట్టిన సున్నపు దిబ్బల్లో ఆమెకు సన్నటి సొరంగాల వల కనిపించింది. స్పాంజి పీచు కుళ్ళిపోయిన దారుల్లో కాల్సైట్ నిండి ఆ వల మిగిలిందని 2021లో రాశారు. చాలామంది ఒప్పుకోలేదు. నాకు మాత్రం నమ్మాలనే ఉంది.

వెంటనే మన తూర్పు కనుమల మీద పడ్డాను. నిరాశే. ఇక్కడి రాయి ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూశాస్త్రవేత్త పెట్టిన పేరు. ఒకప్పుడు ఇదీ బురదే, కానీ దాదాపు 100 కోట్ల ఏళ్ళ క్రితం భూగర్భంలో ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల వేడిలో ఉడికిపోయింది. ఆ బురదలో ఏ అచ్చు ఉన్నా మిగలదు. ఎర్రటి గార్నెట్ గింజలూ, నల్లటి గ్రాఫైట్ పొరలూ మిగిలాయి.

ఉడకని రాళ్ళు కావాలంటే కడప వైపు వెళ్ళాలి. వేంపల్లె సున్నపురాళ్ళలో స్ట్రొమటోలైట్లున్నాయి. పాచి పొర మీద పొర పేర్చుకుంటూ కట్టిన గుమ్మటాలు. 188 కోట్ల ఏళ్ళ కంటే పాతవి. వాటిలో స్పాంజి ఉండే అవకాశమే లేదు, అప్పటికింకా జంతువన్నదే లేదు. అయినా టర్నర్ వెతికిన దిబ్బలకి అవి ముత్తాతలు కదా! వేసవిలో వెళ్ళి చేత్తో తడిమి వస్తానని అమ్మకి చెప్పాను.

"పాచి సూడ్డానికి అంత దూరమేటిరా? మన నూతి గట్టు మీద నేదా?" అంది.