అద్దాలు లేని బండి మీద ఒక రోజు

మద్రాసు నుంచి బెంగుళూరు వెళ్ళే పెద్ద రోడ్డు మీద, శ్రీపెరుంబుదూరు ఇంకాస్త దూరం ఉందనగా ఇరుంగాట్టుకోట్టై అనే ఊరు వస్తుంది. శ్రీపెరుంబుదూరు రామానుజాచార్యులవారు పుట్టిన ఊరు. ఆ గుడికి వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి, దారిలోనే మోటారు పందేల ట్రాకు ఒకటుందని తెలియదు. మద్రాసు మోటార్ రేస్ ట్రాక్ అనేవారు, ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. 1953లో పెట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ వాళ్ళది. అంతకు ముందు పందేలు మా నెల్లూరు రోడ్డులో ఉన్న షోలవరంలో, యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. 1990 నుంచి ఇక్కడ జరుగుతున్నాయి. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు.

పందేలు లేని రోజుల్లో మనలాంటి మామూలు మనుషులు కూడా డబ్బు కట్టి అక్కడ బండి నడపొచ్చు. దాన్ని ‘ట్రాక్ డే’ అంటారు. కొత్తవాళ్ళకి పాఠం చెప్పి, పక్కనుండి నడిపించేవాళ్ళూ ఉన్నారు. అక్కడ మీకేం పని అంటారా? చెప్తాను.

మా అమ్మాయికి ఇరవై ఏళ్ళు. కాలేజీకి మోటారు సైకిలే కావాలంటుంది. స్కూటరు చాలు, ఆడపిల్లకి అంత బండెందుకని మావారు. రెండు నెలలు ఇంట్లో ఇదే గోల. ఆయన భయం ఉత్తుత్తిది కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి నలభై నాలుగు మంది రెండు చక్రాల బండ్ల మీద వెళ్ళినవాళ్ళే. నేనా, మా నాన్నగారి రాజ్‌దూత్‌ని చెరువుకట్ట మీద నడిపి నేర్చుకున్నదాన్ని. ఇప్పటికీ మావారి బండి మీద బజారుకి వెళ్ళొస్తాను. నా పిల్లని వద్దనడానికి నాకు నోరు రాలేదు, సరేననడానికి ధైర్యమూ చాలలేదు. “ముందు నేర్పించి చూద్దాం, తోడు నేనూ నేర్చుకుంటా” అన్నాను.

ముందురోజు రాత్రే పూందమల్లిలో ఉన్న మా చెల్లెలింటికి చేరాం. తెల్లారకుండానే లేచి పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ కట్టిచ్చింది. ఇద్దరికీ కలిపి కట్టిన ఫీజు రెండు మంచి పట్టుచీరల ఖరీదు! బండి, తోలు సూటు, గ్లవ్స్, బూట్లు అద్దెకి వాళ్ళే ఇచ్చారు. ఏం జరిగినా బాధ్యత మాదేనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నా సంతకానికి చెయ్యి వణకలేదు గానీ, పక్కన అమ్మాయి పెడుతుంటే మాత్రం గుండె ఝల్లుమంది.

తోలు సూటు తొడుక్కోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. పెళ్ళికూతురికి బిగువు గాజులు ఎక్కించినట్టు ఎక్కించారు. లోపల పల్చటి కాటన్ బట్టలుంటే మేలు. జడ హెల్మెట్ కింద సూటులోకి దోపుకోవాలి.

తరువాత బండ్ల పరీక్ష. టైర్లు, బ్రేకులు, చెయిన్ చూస్తారు, నూనె కారుతోందేమో చూస్తారు. ముందు దీపానికీ వెనక దీపానికీ టేపు అతికిస్తారు, పడితే గాజుముక్కలు ట్రాకు మీద చెల్లాచెదురు కాకుండా. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తారు. వేడెక్కితే గాలి పూరీలా ఉబ్బుతుంది కదా! చివరికి రెండు అద్దాలూ విప్పేశారు. నేను కంగారుగా, “వెనక వచ్చేవాళ్ళు ఎలా కనపడతారు?” అన్నాను. నేర్పే అబ్బాయి తమిళం కలిసిన తెలుగులో, “చూడనక్కర్లేదక్కా. మిమ్మల్ని జాగ్రత్తగా దాటడం వెనకవాడి పని. ముందు చూడడమే మీ పని” అన్నాడు.

మన రోడ్డు మీద ఆడది బండి నడిపితే సగం ప్రాణం అద్దంలోనే ఉంటుంది కదండీ! వెనక లారీ, హారన్ మోగించే కుర్రాళ్ళు, పక్కకి దూసుకొచ్చే ఆటో. మొదటి రౌండులో నా కళ్ళు అద్దం ఉండాల్సిన చోటికే వెళ్ళాయి. అక్కడేమీ లేదు. మూడో రౌండుకి వెళ్ళడం మానేశాయి.

బండెక్కే ముందు గంటసేపు పాఠం. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవర్నీ దాటకూడదు. ఎర్ర జెండా అయితే అందరూ నెమ్మదిగా వెనక్కి రావాలి. గళ్ళ జెండా చూపిస్తే ఆ విడత అయిపోయినట్టు. ఒక్కో విడత పదిహేను, ఇరవై నిమిషాలే. బయటికి వచ్చేటప్పుడు చెయ్యెత్తి చూపాలి.

అసలు పాఠం మలుపులది. బ్రేకు మలుపులోకి దిగాక కాదు, బండి నిటారుగా ఉన్నప్పుడే వెయ్యాలి. కళ్ళు చక్రం ముందు కాదు, మలుపు తిరిగి ఎక్కడికి వెళ్ళాలో అక్కడ పెట్టాలి. మనం ఎటు చూస్తే బండి అటే పోతుంది. గోతిని చూస్తూ కూర్చుంటే గోతిలోకే! తరువాత యాక్సిలరేటరు పాలు పొంగకుండా మంట పెంచినట్టు కొంచెం కొంచెంగా. ఇవన్నీ మన ఊరి రోడ్డుకీ పనికొచ్చేవే.

రెండో విడతలో ఒక కుర్రాడు మా ముందే జారి, బండితో సహా పక్కనున్న ఖాళీ జాగాలోకి దొర్లాడు. పసుపు జెండా లేచింది. అంబులెన్సు సిద్ధంగా ఉంటుందక్కడ, అది లేకపోతే బండ్లు వదలరు. కుర్రాడు తనే లేచి నిలబడ్డాడు. సూటు మోచేతి దగ్గర గీసుకుపోయింది, లోపల చర్మానికి గీత కూడా పడలేదు. అదే రోడ్డు మీదైతే? ఎదురు బస్సు, కరెంటు స్తంభం, డివైడరు...

మూడో విడతలో నేను ఆగి, అమ్మాయిని చూశాను. ఆ మలుపులో తల తిప్పి, దూరంగా చూస్తూ, తొందర లేకుండా వెళ్ళింది. ఇద్దరు దాటిపోయినా వాళ్ళతో పంతానికి పోలేదు. అప్పటిదాకా దాని గురించి నాకున్న భయం వేగం గురించి కాదు, ఆ పంతం గురించేనని అప్పుడర్థమైంది.

సాయంత్రం మావారికి ఫోన్ చేసి చెప్పాను: బండి కొందాం, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నదే కొందాం. 2019 నుంచి నూటపాతిక సీసీ దాటిన కొత్త బండ్లకి అది తప్పనిసరి. హెల్మెట్, జాకెట్, బూట్లు బండి ధరలో భాగమే అనుకోవాలి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “నువ్వు పడలేదు కదా?” అన్నారు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లలుంటే చెప్తున్నా. ఎండాకాలం వద్దు, డిసెంబరు, జనవరి మేలు. ముందురోజు కడుపునిండా నిద్రపోవాలి. మజ్జిగ, ఉప్పు, నిమ్మకాయ మరవకండి. బండి ఇన్సూరెన్సు మామూలుగా ట్రాకు మీద జరిగే నష్టానికి వర్తించదు, అందుకని మొదటిసారి వాళ్ళ బండే అద్దెకి తీసుకోండి. వయసు గురించి మాత్రం ఆలోచించకండి. ఆ రోజు అక్కడున్న కొత్తవాళ్ళందరిలో పెద్దదాన్ని నేనే. నన్నెవరూ విడ్డూరంగా చూడలేదు. చూసినా, నాకు అద్దాలు లేవు కదా!